ధనుర్మాసం చలాన్ల సేల్

బట్టల షాపులకు ఆషాఢం ఉన్నట్టు తెలంగాణలో ట్రాఫిక్ చలాన్లకు ధనుర్మాసం కుదిరింది. 2023 డిసెంబర్ 26న షట్టర్ ఎత్తారు. 2024 జనవరి 10న దించుతామన్నారు. టూవీలర్లకు, ఆటోలకు 80 శాతం తగ్గింపు. కార్లకు, లారీలకు 60. ఆర్టీసీ బస్సులకు, తోపుడు బండ్లకు 90. ‘స్టాకు ఉన్నంత వరకే’ అని బోర్డు పెట్టలేదు. ఈ రోడ్ల మీద ఆ స్టాకు అయిపోయేది కాదని వాళ్లకీ తెలుసు.

ఈ సేల్ కోసమే పుట్టిన కుర్రాడు హైదరాబాద్‌లో గల్లీకొకడున్నాడు. కారు నాన్న పేరు మీద ఉంటుంది, యాక్సిలరేటర్ మీద కాలు మాత్రం వీడిది. మెహిదీపట్నంలో పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కాడంటే ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్లు సిగ్నల్ అడ్డం లేని దారి. మధ్యలో కెమెరా క్లిక్‌మంటే వెయ్యి రూపాయలు, పైన యూజర్ చార్జీలు 35. మెసేజ్ చూసి మామూలు మనిషి ఉలిక్కిపడతాడు. వీడు దాన్ని ఎమ్మార్పీ అనుకుంటాడు. ఎమ్మార్పీకి కొనే తెలివితక్కువవాడు ఈ రోజుల్లో ఎవడున్నాడు?

ఉన్నాడు, ఇంట్లోనే. చలానా మెసేజ్ ఓనర్ ఫోన్‌కే వస్తుంది కదా!

“ఏరా, మొన్నటిది కట్టేశాను. ఇంకోటి వచ్చిందేమిట్రా?”

“అయ్యో నాన్నా, ఎవరు కట్టమన్నారు? నీకు బొత్తిగా ఫైనాన్స్ తెలీదు.”

కొడుకు లెక్క కొట్టిపారేసేది కాదు. 2022 మార్చి సేల్‌లో కార్లకిచ్చింది 50 శాతమే. అప్పుడు తొందరపడనివాళ్లకు ఈ సేల్‌లో ఇంకో పది కలిసొచ్చింది. పది స్పీడు చలాన్లు దాచుకున్నవాడికి పదివేల సరుకు నాలుగు వేలకే వచ్చింది. ఆరు వేలు మిగులు, సంక్రాంతికి కొత్త బట్టలు. తేదీ, టైమ్ వేసి తీసిన ఫొటోలు అదనం. వచ్చే సేల్‌కల్లా ‘అయిదు స్పీడు చలాన్లకు ఒక సీటుబెల్టు ఫ్రీ’ అని కాంబో పెట్టినా పెడతారు. పెండింగ్ చలాన్లు తాకట్టు పెట్టుకుని బ్యాంకులు అప్పులిస్తాయి. పెళ్లిచూపుల్లో “అబ్బాయికి పెండింగ్ ఎంతుందండీ?” అని అడుగుతారు. తాగి నడిపిన కేసులు మాత్రం ఈ షాపులో దొరకవు, వాటికి కోర్టు గడప తొక్కాల్సిందే.

వచ్చిన రోజే పూర్తి డబ్బు కట్టిన నాన్నకు ఏమిస్తారు? ఏమీ లేదు. కనీసం ఒక క్యాలెండరైనా ఇవ్వొచ్చు.

బేరం కోసం రోడ్డు వారన ఆటో ఆపి చలానా వేయించుకున్న డ్రైవర్‌కు ఊరట ఇస్తే ఎవరికీ కడుపుమంట లేదు. ఆ చలానాను, మనిషిని చంపగల వేగానికి వేసిన చలానాను ఒకే గంపలో పోసి అమ్మడమే సిగ్గుమాలిన పని. 2022లో దేశం మొత్తం మీద రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని ఈ సేల్‌కు రెండు నెలల ముందే కేంద్రం లెక్క చెప్పింది. అందులో నూటికి డెబ్బై పైగా చావులు అతివేగం వల్లే. 2019 నవంబర్‌లో హైదరాబాద్‌లోని బయోడైవర్సిటీ ఫ్లైఓవర్ తెరిచి మూడు వారాలు కాకముందే ఒక కారు వేగం పట్టలేక పైనుంచి ఎగిరి పడింది. వాహనాలు గంటకు 40 కిలోమీటర్లు దాటకూడని చోటది. చనిపోయింది కారులో ఉన్నవాడు కాదు, కింద రోడ్డు పక్కన నిలబడిన ఆడమనిషి. కార్లకు 60 శాతం అని జీవో రాసిన చేతికి ఆమె గుర్తొచ్చిందా?

కెమెరాకు నంబర్ ప్లేటే ముఖ్యం, నడిపినవాడితో పనిలేదు. జరిమానా నాన్నకు, మరకలేని లైసెన్సు కొడుకు జేబులో. ఏళ్లకేళ్లు ఇలా నడుస్తున్నా, ఆ రోజు స్టీరింగ్ పట్టిందెవరని ఒక్క ఫోన్ చేసి అడిగే నాథుడు లేడు.

ఇకమీదట సేల్ పెడితే పార్కింగ్ చలాన్లను వందకు వంద మాఫీ చేయండి, అభ్యంతరం లేదు. వేగానికి వేసినవాటిని ఆ గంపలోంచి తీసేయండి. ఒకే కారు మళ్లీ మళ్లీ దొరికితే ఓనర్‌ను పిలవండి, నడిపిందెవరో రాయించుకోండి, వాడి లైసెన్సు స్వాధీనం చేసుకోండి. అతివేగంతో రెండోసారి దొరికితే లైసెన్సు తీసుకోవాలని మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణలోనే ఉంది.