ఇంటర్వ్యూ తీర్థయాత్ర

ఎంబీబీఎస్ ముగించి, యూఎస్ఎంఎల్ఈ పరీక్షలు గట్టెక్కి, అమెరికా దేశమున రెసిడెన్సీ యను శిక్షణకై పదులకొలది ఆసుపత్రులకు దరఖాస్తులు పెట్టుకొనిన మన యువవైద్యుడు, వానిలో ఏదో యొకదానినుండి ఇంటర్వ్యూకు పిలుపు వచ్చినంతనే మొట్టమొదట తెరచునది పాఠ్యగ్రంథము కాదు, దేశపటము. బఫెలో నగరమైనచో నయాగరా జలపాతము సుమారు 30 కిలోమీటర్లే గదా యని ఇల్లాలును, ఓర్లాండో యైనచో పిల్లలకు డిస్నీ చూపవచ్చును గదా యని అత్తగారును లెక్కలు కట్టగా, పిలుపు ఒకరికి వచ్చినను ప్రయాణము ఇంటిల్లిపాదికి నిశ్చయమగును. స్వామికార్యము, స్వకార్యము ఒక్క ఖర్చుతో నెరవేరుననియు, భార్యాబిడ్డలు చెంతనుండగా మనస్సు నిబ్బరముగా నుండుననియు వారి సమర్థన. మా రావివలసలో ఒక ముసలమ్మ ఈ వైనమంతయు విని, “ఉద్యోగానికెల్తన్నాడా బాబూ, తీర్తానికెల్తన్నాడా?” అని యడిగినది. సమాధానము చెప్పినవారు లేరు.

ఆ నిబ్బర మెట్టిదో కొంచెము విచారింతము. చలికాలమున అక్కడ రాత్రి రెండుగంటలగునప్పటికి పలాసలో మధ్యాహ్నము పన్నెండున్నర. కావున ఒకే గదిలో పరుండిన పిల్లలు సరిగా ఆ వేళకే లేచి అన్నమునకు ఏడ్చెదరు. అత్తగారు పలాస జీడిపప్పు పొట్లము విప్పెదరు. మామగారు దీపము వేసెదరు. తెల్లవారునప్పటికి ఎఱ్ఱబడిన కన్నులతో కోటు తొడిగికొని పోయిన అభ్యర్థిని, “మా ఆసుపత్రినే ఏల కోరుకొంటిరి?” అని వా రడిగినప్పుడు, పాపము, జలపాతము కొఱకని చెప్పలేడు గదా! ఇంత చేసియు ఆ జలపాతము క్రిందికి పోవు పడవలు చలికాలమున నడువవు.

2020లో కరోనా వచ్చి ఇంటర్వ్యూలు చాలవఱకు కంప్యూటరు తెరమీది కెక్కినపుడు ఈ యాచారము అంతరించునని తలచితిమి. అంతరించలేదు; మన రుషికొండ సముద్రతీరమునకు మారినది. చలికాలమున బఫెలోలో ఉదయము తొమ్మిది మనకు రాత్రి ఏడున్నర గనుక, పగలెల్ల సముద్రస్నానము చేసి, పైన టై, క్రింద నిక్కరు ధరించి హోటలుగదిలో కూర్చుండుటకు ఎంతో యనుకూలము. పిమ్మట ఆసుపత్రులను తనకు నచ్చిన వరుసలో పేర్చి పంపవలసినపుడు, ఆ వరుసను నిర్ణయించునది శిక్షణయొక్క నాణ్యమా, సముద్రతీరముయొక్క నాణ్యమా యన్నది ఆ యింటివారికే తెలియవలెను.

అసలు చమత్కార మింకొకటి కలదు. జే-1 వీసాపై శిక్షణ పొందిన వైద్యుడు ముగింపున రెండేండ్లు స్వదేశమున నుండవలెనని అమెరికా చట్టమే చెప్పుచున్నది. వైద్యులు కొఱవడిన ప్రాంతమున మూడేండ్లు పనిచేయుట కొప్పుకొనినచో, కొందఱికి ఆ నిర్బంధము తొలగును. అయితే ఆ కొఱవడిన ప్రాంతము అమెరికాలోనిదై యుండవలెను. మా పలాస ప్రాంతపు ఉద్దానము ఆ లెక్కకు రాదు. అందలి కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు మండలములలో మూత్రపిండములు చెడి మనుష్యులు డయాలసిస్ మంచములపై పడియుండగా, ఆ వ్యాధికి మూలకారణ మిదియని ఇదమిత్థముగా ఇంతవఱకు తేలనేలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రిని ప్రారంభించిరి. పరిశోధకునకు ఇంతకంటె పెద్ద ప్రశ్న ఏ నయాగరాతీరమున దొరకునో నాకు తోచదు.

విహారము లేనిదే ఇంటర్వ్యూ పొసగదందురా, కాదనము. బారువలో సముద్రము కలదు. తేలినీలాపురమున ఏటేటా తప్పక వచ్చు విదేశీపక్షులు కలవు. అవి కుటుంబసమేతముగానే వచ్చును, పిల్లలను పెంచుకొని మరీ పోవును. రావివలసలో ఎండల మల్లికార్జునుడు కలడు. నెత్తిమీద కప్పైనను లేక ఎండలో నిలిచియున్న ఆ స్వామి సౌకర్యములనుగూర్చి ఎన్నడును ఫిర్యాదు చేసినవాడు కాడు. కావున వైద్యులారా, ఆలుబిడ్డలతో, అత్తమామలతో పలాస స్టేషనులో దిగుడు. కార్తిక సోమవారమునాడు మాత్రము రావలదు. ఆనాడు రావివలస త్రోవలో కాలు మోపుటకు చోటుండదు.