రేపు బడి ఉందా?

నేను విశాఖలో, మా చెల్లెలు కోల్‌కతా ఏక్‌బాల్‌పూర్‌లో. మధ్యలో దాదాపు 880 కిలోమీటర్ల రైలు పట్టాలు. మొన్నటి వానకి వాళ్ల వీధిలో మోకాలి లోతు నీళ్లు నిలిచాయి. "అన్నయ్యా, రేపు బడి ఉందో లేదో వెబ్‌సైట్‌లో చూసి చెప్పవూ, నా ఫోన్లో తెరుచుకోవట్లేదు" అంది. బడేమో వాళ్లింటికి రెండు గల్లీల అవతల.

తెరిచాను. ఓ చక్రం గిర్రున తిరిగింది. కాఫీ కలుపుకొచ్చేసరికి నలుగురు పిల్లలు నవ్వుతూ కనబడ్డారు. బంగారు జుట్టు, నీలి కళ్లు. ఏక్‌బాల్‌పూర్‌లో అలాంటి పిల్లలు ఏ గల్లీలో ఉంటారో మా చెల్లెలికీ తెలీదు. వాళ్ల నెత్తి మీదుగా ఎర్రక్షరాలు పరుగెడుతున్నాయి: 2019 అడ్మిషన్లు మొదలు, త్వరపడండి! కింద ప్రిన్సిపాల్ గారి సందేశం. దాని కింద ఛైర్మన్ గారి సందేశం, ఫొటో మాత్రం వేరు. ‘తాజా వార్తలు’ నొక్కితే ‘త్వరలో’ అంది.

అట్టడుగున చీమతలంత అక్షరాల్లో ఓ లంకె. సీబీఎస్‌ఈ బడులన్నీ పెట్టి తీరాల్సిన వివరాలవి: ఫీజులు, అగ్నిమాపక ధ్రువపత్రం, టీచర్లెందరు, ఆడపిల్లల మరుగుదొడ్లెన్ని, తనిఖీ వీడియోతో సహా. సైటు మొత్తానికి పనికొచ్చే పేజీ ఇదొక్కటే, అదీ బోర్డు మెడ మీద కూర్చుంది కాబట్టి. అందులో సెలవుల జాబితా నొక్కితే స్కాన్ చేసిన కాగితం తలకిందులుగా వచ్చింది. మెడ తిప్పి చదివాను. ఏడాది సెలవులన్నీ ఉన్నాయి. వాన సెలవు లేదు.

సైటు కమిటీలో ఉన్న ఓ పెద్దాయనకి ఫోన్ చేశాను. "సైటు లేకపోతే బడికి పరువేముందండీ?" అన్నారు. ఆ పక్కనే, ఇప్పుడు ఖిదిర్‌పూర్‌లో ఉన్న సెయింట్ థామస్ బడి పుట్టింది 1789లో. లోకంలో తొలి వెబ్‌సైట్ వచ్చింది 1991లో. ఆ మధ్య రెండు వందల యేళ్లూ పరువు ఎలా నెట్టుకొచ్చారో మరి.

"పోనీ, తల్లులకి అర్థమయ్యే భాషలో పెట్టొచ్చుగా?" అన్నాను. ఆ వీధుల్లో ఉర్దూ, హిందీ, బెంగాలీ. మధ్యలో మావాళ్ల తెలుగు. సైటులో ఉన్నది ఇంగ్లీషొక్కటే, అది ఇంగ్లీషు మాస్టారికీ కొరుకుడు పడనిది. యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచీ ఉంది. 2020 డిసెంబరులో బెంగాల్ మంత్రివర్గం తెలుగుకి అధికార భాష హోదా కూడా ఇచ్చింది. ఆ హోదా హౌరాలో రైలెక్కి ఖరగ్‌పూర్‌లో దిగిపోయినట్టుంది, ఏక్‌బాల్‌పూర్ వైపు రాలేదు.

రాత్రి ఎనిమిదింటికి చెల్లెలే ఫోన్ చేసింది. "రేపు సెలవేనట అన్నయ్యా, గేటు దగ్గర ఝాల్‌ముడి అమ్మే దాదా చెప్పాడు."

ఆ దాదాకి పాస్‌వర్డ్ అక్కర్లేదు. చక్రం తిరగదు. మూడు భాషలు గడగడా మాట్లాడతాడట, మా చెల్లెలి పుణ్యాన రెండు తెలుగు ముక్కలూ వచ్చాయట. పరీక్షల తేదీ, ఆటో సమ్మె, ఏ టీచరు సెలవులో ఉందో అన్నీ ఏ పూటకాపూట తాజా. పైగా అడిగినవాళ్లకి పిడికెడు మరమరాలు.

‘సంప్రదించండి’ కింద ఆయన నంబరు వేయమని పెద్దాయనకి చెప్పాను, ఇప్పుడున్న నంబరు ఎలాగూ ఎవరూ ఎత్తరు. కాసేపు ఆలోచించి ఒప్పుకున్నారు. కాకపోతే దాదా టై కట్టుకుని ఫొటో దిగాలట.