పచ్చిక లేని ఊరి నుంచి

కోయిలకుంట్లలో పచ్చిక కోసే మిషను ఉన్న ఇల్లు నాకు తెలిసి ఒక్కటీ లేదు. నల్లరేగడి నేల. శనగ వేస్తాం, జొన్న వేస్తాం. గడ్డి మొలిస్తే దాని సంగతి గొర్రెలు చూసుకుంటాయి. అయినా మా అక్క కొడుకు రోజూ రాత్రి మిద్దె మీద ల్యాప్‌టాప్ తెరుచుకుని, పచ్చిక పెంపకం మీద వెబ్‌సైట్లు నడిపే అమెరికావాళ్లకు "మీ వ్యాసం చదివాక మా ఇంటి ముందు పచ్చిక కళే మారిపోయింది" అని ఉత్తరాలు రాస్తుంటాడు. మా ఇంటి ముందున్నది సిమెంటు రోడ్డు, దాని పక్కన మురుగు కాలువ.

వాడిది బెంగళూరు కంపెనీ, ఇంటి నుంచే పని. ఆ పని పేరు లింక్ బిల్డింగ్. మిషన్లు అమ్మే ఎవరో ఆసామి సైటుకు ఊళ్లోవాళ్ల సైట్లన్నిటి నుంచీ లింకులు అడిగి తేవాలి. ఈ తద్దినం 1998లో మొదలైంది. స్టాన్‌ఫర్డ్‌లో చదువుకుంటున్న లారీ పేజ్, సెర్గీ బ్రిన్ కలిసి, ఒక పేజీకి ఎన్ని పేజీలు లింకిస్తున్నాయి, ఆ ఇచ్చేవాటికి ఎంత పరపతి ఉంది అని లెక్కగట్టి, వెతుకులాటలో ఏది ముందు, ఏది వెనక అని తేల్చే పద్ధతి బయటపెట్టారు. పరపతికి లెక్కకట్టినాక దాన్ని కొనేవాడూ వస్తాడని మా సీమలో ఏ పిల్లోణ్ణి అడిగినా చెప్పేవాడు. వచ్చారు. లింకులు కిలోల్లెక్కన అమ్ముడుపోయాయి. 2012 ఏప్రిల్‌లో గూగుల్ 'పెంగ్విన్' అనే మార్పు తెచ్చి అలాంటి సైట్లను వెనక్కి నెట్టింది. కొంటే ప్రమాదమని తేలాక బతిమాలడం ఊపందుకుంది. బతిమాలేది వేలమందిని, కానీ ప్రతివాడికీ తనకోసమే రాసినట్టుండాలి.

అందుకని ఎక్సెల్‌లో గడులు: పేరు, సైటు, వ్యాసం, ఒక పొగడ్త. మిగతాది సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది. పేరు నింపడం మరిచిపోతే "హాయ్ ఫస్ట్‌నేమ్" అని పోతుంది. జవాబు రాకపోతే "నా మెయిల్ మీ కంటబడలేదేమో" అని మరొకటి. ఆ పైన "ఇదే చివరిది" అని ఒకటి. దాని తర్వాత ఇంకొకటి.

అందుకునేవాడి అవస్థ నాకు తెలుసు. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి మీద నాకో చిన్న సైటుంది. 1846లో ఆయన మా ఊరి ఖజానా మీద పడిన సంగతి, 1847 ఫిబ్రవరి 22న ఇక్కడే ఉరితీసిన సంగతి, ఆయన తలను ఏళ్ల తరబడి కోట మీద వేలాడదీసిన సంగతి అందులో రాశాను. దానికొచ్చిన ఉత్తరం ఇది: "హాయ్ కోయిలకుంట్ల, మీ వ్యాసం ఎంతో హాయిగా, ఇంటిల్లిపాదీ చదివేలా ఉంది. మెడనొప్పి తగ్గించే మా దిండ్లకు ఒక లింకిస్తే మీ పాఠకులకు మరింత మేలు."

అల్లుడికి చూపించాను. వాడేం సిగ్గుపడలేదు. "మెడ అనే మాట పట్టుకున్యాడు మామా, టూలు మంచిదే" అన్నాడు.

మా అమ్మ వింటోంది. బంధువుల పెళ్లిళ్లన్నిటికీ గడప గడపా తిరిగి బొట్టు పెట్టి పిలిచిన మనిషి.

"పేరు పెట్టి పిలిస్తే వస్తారా నాయనా ఎవురన్నా? ముందు వాళ్ల కోడలి కాన్పు సంగతి అడగల్ల. బర్రె ఈనిందా అడగల్ల. కూచోని మజ్జిగ తాగల్ల. పత్రిక లాస్టుకు తీయల్ల."

ఎక్సెల్‌లో మజ్జిగ గడి లేదు.

అయినా వాడు ఒక్కరి మీద ప్రయోగించాడు. ఒహాయోలో ఓ పెద్దాయన సైటు మొత్తం చదివాడు, ఉద్యోగంలో చేరాక అదే మొదలు. పనిచేయని లింకొకటి కనబడితే చెప్పాడు. ఈ ఎండాకాలం మీరేమీ రాయలేదేమని అడిగాడు. మా ఊళ్లో పచ్చిక లేదు, శనగ ఉంది అని నిజం రాశాడు. తెల్లారేసరికి చాంతాడంత జవాబు. మోకాలి ఆపరేషనట, మిషను తోయలేకపోతున్నాడట. ఆ శనగకు నీళ్లెన్ని తడులని అడిగాడు. నేలలో తేమ ఉంటే చాలు, మంచుకే పండుతుందని వీడు రాశాడు. ఆయన నమ్మలేదు, ఫొటోలు పంపమన్నాడు. మా బావ చేలో నిలబడి నెత్తికి టవల్ చుట్టుకుని ఫొటో దిగాడు.

ఉత్తరాలు నడుస్తూనే ఉన్నాయి. లింకు మాట వీడింకా ఎత్తలేదు. పత్రిక తీసే టైము రాలేదంటుంది మా అమ్మ. మేనేజరు మాత్రం స్టేటస్ గడి ఖాళీగా ఉందేమని రోజూ అడుగుతున్నాడు.

"మోకాలు నయమైతాంది అని రాయి" అంది.