ఉంగరం మచ్చ కనబడిందని

చేతికి భూతద్దం రాగానే నాకు ఆర్కిడ్‌ల పిచ్చి ముదిరింది. వించెస్టర్ దగ్గర ఇచెన్ నది పక్కన జూన్‌లో చిత్తడి నేలల్లో ఊదారంగు కంకులు లేస్తాయి. అవి సదరన్ మార్ష్ ఆర్కిడ్‌లు. మామూలుగా వాటి ఆకులకు మచ్చలుండవు. కాడ నొక్కితే బోలుగా తగులుతుంది. పువ్వు కింది రేక వెడల్పుగా ఉండి, మధ్యలో సన్నటి చుక్కలుంటాయి. ఇదంతా కంఠతా పట్టాను. ఇంత నేర్చినవాడికి ఇక మామూలు మొక్క కంటికి ఆనుతుందా?

ఆ జాతిలోనే ఆకుల మీద ఉంగరాల్లాంటి మచ్చలుండే రకం ఒకటుంది. లెపర్డ్ మార్ష్ ఆర్కిడ్ అంటారు. నాకు అదే కావాలి. గుంపులో అన్నిటికన్నా ఏపుగా పెరిగిన మొక్క ముందు, ప్యాంటు తడిసిపోతున్నా బోర్లా పడుకున్నాను. మచ్చలున్నాయి. కానీ నిండు మచ్చలు. ఒక్కదాని నడుమ కాస్త పలచగా ఉంటే, భూతద్దం అటూ ఇటూ తిప్పి దాన్ని ఉంగరం చేశాను. కింది రేక మూడుగా చీలి, నడిమి చీలిక ముందుకు పొడుచుకొచ్చింది. చూసీ చూడనట్టు ఊరుకున్నాను. కాడ నొక్కితే బోలో గట్టో తేలలేదు. పుస్తకంలో మాత్రం ‘బోలు’ అని రాసుకున్నాను.

ఫొటో బంధువుల వాట్సాప్ గ్రూపులోకి ఎక్కింది, కింద నా ఉపన్యాసంతో సహా. గుంటూరులో బోటనీ చెప్పే మా బావమరిది ఫోన్ చేశాడు. ఈ మొక్కను వాడు జన్మలో చూడలేదు.

“బావా, అంత ఏపుగా ఉన్నదాన్నే ఎందుకు పట్టుకున్నావు? దాని చుట్టూ ఏమున్నాయి?”

చుట్టూ నిండు మచ్చల కామన్ స్పాటెడ్ ఆర్కిడ్‌లు ఉన్నాయి. వాటిని తొక్కకుండా దాటుకునే వెళ్లాను మరి! సదరన్ మార్ష్, కామన్ స్పాటెడ్ జాతులు రెండూ తేలిగ్గా కలుస్తాయి. పుట్టే సంకరం తరచూ రెంటినీ మించి ఏపుగా ఎదుగుతుంది. అందుకే గుంపులో నాలుగు మొక్కలూ, వాటి పూలూ పోల్చి చూడకుండా పేరు తేల్చకూడదట. నేనేమో పెళ్లిచూపులకు వెళ్లినట్టు కంటికి నచ్చినదాన్ని ఎంచుకున్నాను.

అక్కడితో ఊరుకున్నానా? సదరన్ మార్ష్ కూడా పాత సంకరమేనని ఎక్కడో చదివాను. 40 క్రోమోజోములున్న రెండు వంశాలు ఎప్పుడో కలిసి, క్రోమోజోములు రెట్టింపై, 80తో స్థిరపడ్డ జాతి అది. “మరి 60 క్రోమోజోముల నా సంకరం మొక్క ఏం తక్కువ తింది?” అని వాడితో వాదనకు దిగాను. జాతి అన్నాక స్థిరపడాలి బావా, అన్నాడు. ఓడిపోయాను. గ్రూపులో పేరు మాత్రం ఇంకా మార్చలేదు. “చిరుత పువ్వు భలే ఉందిరా” అని మా పెద్దమ్మ అందరికీ పంపేసింది. ఆవిడకిప్పుడు క్రోమోజోముల సంగతి ఎవరు చెబుతారు?