విడిది ఇంటి మెయిల్

ఇంటర్నెట్ కనెక్షన్‌తో పాటు కంపెనీ ఇచ్చే ఈ-మెయిల్ పెళ్లివారి విడిది వంటిది. మర్యాదలన్నీ లగ్గం దాకానే. చిరునామాలో ‘ఎట్’ గుర్తుకు ముందున్న పేరు మాత్రమే చందాదారుది. ఆ తర్వాతదంతా కంపెనీ సొత్తు.

మన దేశంలో ఈ విడిది తలుపులు 1995 ఆగస్టు 15న తెరుచుకున్నాయి. విదేశ్ సంచార్ నిగమ్ ఇంటర్నెట్‌ను జనం ముంగిటికి తెచ్చిన రోజది. కీచుమనే మోడెమ్, ఇంట్లో ఎవరైనా ఫోన్ ఎత్తితే తెగే లైను. అయినా ఆ చిరునామాను విజిటింగ్ కార్డు మీద బంగారు రంగులో అచ్చేయించుకున్న ఆసాములున్నారు. 2002లో సంస్థ పగ్గాలు టాటాల చేతికి వెళ్లాయి, 2008లో పేరే మారింది. కార్డుల కట్ట మాత్రం బీరువాలో రబ్బరు బ్యాండుతో సహా భద్రం.

కనెక్షన్ సరెండర్ చేశాక పెట్టె మూతపడిన సంగతి వెంటనే తెలియదు. బ్యాంకు పాస్‌వర్డ్ మరిచిన రోజున తెలుస్తుంది. కొత్త పాస్‌వర్డ్ లింకు పాత మెయిల్‌కే వెళ్తుంది. మెయిల్ మార్చాలంటే పాత మెయిల్‌కు వచ్చిన ఓటీపీ చెప్పాలి. తాళంచెవిని పెట్టెలో పెట్టి పెట్టెకు తాళం వేసినట్టు! కస్టమర్ కేర్‌ను అడిగితే, ఫిర్యాదును రిజిస్టర్డ్ మెయిల్ నుంచే పంపమని సెలవిస్తారు.

మొబైల్ నంబరుకు 2011 జనవరి 20 నుంచి దేశమంతటా ఈ బాధ తప్పింది. కంపెనీ మారినా నంబరు వెంట వస్తుంది. మెయిల్‌కు ఆ యోగం పట్టలేదు. పాత చిరునామాకు రాసిన ఉత్తరం పంపినవారికే తిరిగి చేరుతుంది, ఇంగ్లిషులో క్షమాపణతో.