నాలుగు వందల ఇరవై ఎవరికి?

మన మాట అవతలాయనకి ఖంగుమని వినపడుతుంది. ఆయన మాట మాత్రం మనకి రాదు. "హలో... హలో... వినపడుతోందాండీ?" అని నేను గొంతు చించుకుంటుంటే, ఆయన పాపం "వినపడుతోంది సార్, అరవకండి" అనే అంటున్నాడట. ఆ సంగతి సెల్‌ఫోన్ చేసి చెప్పాడు. ఆఫీసుకి కొత్తగా ఐపీ ఫోన్ల సర్వరు పెట్టిన దగ్గర్నుంచీ, అది పనిచేస్తోందో లేదో సెల్‌ఫోన్లోనే కనుక్కుంటున్నాం.

జబ్బేమిటో నాకు తెలుసు. సిప్ అనే పద్ధతిలో కాల్ కుదిర్చే బేరం మామూలుగా 5060 పోర్టులో నడుస్తుంది. అసలు గొంతు మాత్రం 10000 నుంచి 20000 దాకా ఉన్న పోర్టుల్లో ఏదో ఒకదాంట్లోంచి రావాలి. ఎక్కడికి రావాలో చెప్పాల్సింది మన సర్వరే. అదేమో బయటివాళ్ళకి పనికిరాని 192.168 నంబరు చెబుతుంది. పొరుగూరి చుట్టానికి చిరునామాగా "వంటింటి పక్క గది" అని రాసి పంపినట్టన్నమాట. సరే, బయటి ఐపీ ఇది, లోపలి నెట్‌వర్కు ఇది అని సర్వరుకి నూరిపోశాను. అయినా గొంతు రాలేదు. రౌటర్లో సిప్ ఏఎల్‌జీ అని ఒక పెద్దమనిషి కాపురం ఉంటాడు. ఎవరూ పిలవకుండానే సాయానికొచ్చి, చిరునామాలన్నీ తనకి తోచినట్టు దిద్దిపెడతాడు. ఆయన్ని ఆపించండి మహాప్రభో అని ఇంటర్నెట్ వాళ్ళకి మొరపెట్టుకుంటే, "రౌటర్ ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి సార్" అన్నారు.

ఈ సర్వరులో ఉన్న ఫోన్ సాఫ్ట్‌వేరు ఆస్టరిస్క్‌ని 1999లో మార్క్ స్పెన్సర్ అనే అమెరికా కుర్రాడు రాశాడు. తన చిన్న కంపెనీకి ఫోన్ ఎక్స్ఛేంజీ కొనే స్తోమత లేక తనే రాసుకుని, లోకానికి ఊరికే ఇచ్చేశాడు. ఊరికే వచ్చింది కాబట్టి పని కూడా ఊరికే అయిపోతుందని మా యాజమాన్యం గట్టి నమ్మకం.

పోనీ, అదంతా యంత్రం గొడవ. ఎక్స్‌టెన్షన్ నంబర్ల గొడవ మనుషులది.

పాత ఎక్స్ఛేంజీ పెట్టెలో ఎవరి నంబరు వాళ్ళకే ఉంచుదామన్నాను. ఇంత మంచి అవకాశం మళ్ళీ రాదని అందరూ లేచారు. మొదట పెద్ద సారు కబురు పెట్టారు. "అష్టోత్తరం కదయ్యా, నాకు 108 ఇవ్వు" అన్నారు. "సార్, ఎవరికైనా గుండెనొప్పొచ్చి 108 కొడితే ఫోన్ మీరు ఎత్తాల్సొస్తుంది" అన్నాను. కాసేపు ఆలోచించి, ఎత్తడానికి పీఏ ఉన్నాడు కదా అన్నారు.

తక్కినవాళ్ళకి మొత్తం తొమ్మిది కావాలి. బండి నంబరుకి 9999 కోసం లక్షలు పాడే జనం మనం. ఇక్కడ పాట లేదు, ఊరికే వస్తుంది. కానీ అంతస్తుకి ముప్ఫై నంబర్లుంటే కూడితే తొమ్మిదయ్యేవి మూడే. నాలుగో అంతస్తులో 405, 414, 423, అంతే. వాటికి సిఫార్సులు మొదలయ్యాయి. ఒకాయన ఇంట్లో ఆవిడ చేత ఫోన్ చేయించారు. అది కూడా సెల్‌కే. ఎనిమిది శనిది కాబట్టి 404, 413, 422 ఎవరికీ వద్దు. 404 మార్కెటింగ్ మేనేజరు గారికి ఇచ్చాను. కంప్యూటర్ భాషలో దానర్థం 'దొరకలేదు' అని. ఆయన సీట్లో ఏనాడూ దొరకలేదు కాబట్టి అభ్యంతరమూ రాలేదు.

మిగిలింది 420. పాత పెట్టెలో అది జెరాక్స్ గదిది. ఆ గది తీసేసి అక్కడ అకౌంట్స్ పెద్దాయన్ని కూర్చోబెట్టారు. "బయటివాళ్ళు అకౌంట్స్ నంబరెంత అని అడిగితే ఏం చెప్పమంటావు నాయనా?" అన్నారాయన. నాలుగూ రెండూ సున్నా కలిపితే ఆరండీ, శుక్రుడండీ, లక్ష్మీకళ అన్నాను. ఆయన కరగలేదు. 2024 జూలై 1 నుంచి ఐపీసీయే లేదండీ, న్యాయ సంహితలో మోసం 318కి మారింది, 420 కడిగిన ముత్యం అన్నాను. "చట్టం మారిందని మా వియ్యంకుడికి ఎవరు చెప్తారు?" అన్నారు. చివరికి 420 మళ్ళీ జెరాక్స్ మిషను పక్క గోడకే వెళ్ళింది. మూడో అంతస్తులో 318 తీసుకున్నాయన మాత్రం హాయిగా ఉన్నాడు. నేనేమీ చెప్పలేదు.

నంబర్ల కోసం ఇంత కొట్టుకున్నవాళ్ళకి పాస్‌వర్డుల మీద పట్టింపే లేదు. "414 నంబరుకి 414 పెట్టెయ్యి, గుర్తుంటుంది" అంటారు. సర్వరు బయటి లోకానికి కనపడగానే తలుపు తట్టడానికి ఊరూపేరూ లేనివాళ్ళు వస్తారు. సర్వరు లాగ్‌లో చూస్తే ఒకడి పేరు 'ఫ్రెండ్లీ స్కానర్'. వాడు మొదట ప్రయత్నించేది ఇలాంటి పాస్‌వర్డులే. దొరికితే మన ఖర్చుతో రాత్రంతా విదేశాలకి ఫోన్లు చేసుకుంటాడు.

ఈ పంపకాల్లో ఎవరూ అడగని నంబరు ఇంకొకటుంది. 417. శని లేడు, 420లాంటి చెడ్డపేరూ లేదు. డిస్పాచ్‌లో పెద్దాయనది. ఫోన్ ఎత్తి హలో అనేవాడు కాదు, "చెప్పమ్మా" అనేవాడు, అవతల ఎవరున్నా సరే. 2021 మేలో కోవిడ్‌లో పోయాడు. ఆ సీట్లో ఇప్పుడున్న కుర్రాడు ఆయన్ని చూడనైనా లేదు. అయినా మెల్లిగా నా దగ్గరికొచ్చి "వేరేది ఏదైనా ఇవ్వన్నా" అన్నాడు. 413 ఇస్తే, శనిదని తెలిసీ తీసుకున్నాడు.

417ని తీసేద్దామని లిస్టు తెరిచాను, తీయలేదు. ఫోన్ లేని నంబరు కాబట్టి స్క్రీన్ మీద అదొక్కటే ఎర్రగా ఉంటుంది. పెద్ద సారు చూసి "ఏమిటయ్యా అది?" అన్నారు. "నెట్‌వర్క్ ప్రాబ్లమ్ సార్" అన్నాను. ఈ ఉద్యోగంలో నెట్‌వర్క్ మీద చాలా నిందలు వేశాను. తప్పు దానిది కాదని తెలిసీ వేసింది ఇదొక్కటే.