కాలజ్ఞుడు

పూర్వము మా మెట్టసీమ గ్రామములలో కాలమును గూర్చి అధికారముతో పలుకదగినవారు ఇరువురే యుండిరి: పంచాంగము చేతబట్టిన పురోహితు డొకడు, కోడికూతకు ముందే లేచి అరుగుపై దగ్గుచు గూర్చుండు వృద్ధు డొకడు. 2020 మార్చిలో దేశమంతయు తలుపులు మూసికొన్న నాటినుండి వరికుంటపాడు వంటి యూళ్ళలో మూడవవా డొకడు వెలసెను. బెంగుళూరులోనో హైదరాబాదులోనో అద్దెగది ఖాళీచేసి, ల్యాప్‌టాప్ సంచితో ఉదయగిరిలో బస్సు మారి వచ్చి, వసారాలో ప్లాస్టిక్ కుర్చీ వేసికొని, ఇన్వర్టరొకటి, వేర్వేరు కంపెనీల సిమ్ములు రెండు సమకూర్చుకొని, ఎక్కడి దేశపువారి డేటాబేసులకో రేయింబవళ్ళు కావలి గాయుచుండు ఈ యువకుని ఊరివారు సాఫ్ట్‌వేర్ అబ్బాయి యందురు. నేను కాలజ్ఞుడందును, ఏలన ఈతనికి కాలము తప్ప అన్యచింత లేదు, అది యెంతయైనదో చెప్పు ధైర్యమును లేదు.

ఈతని కొలువు స్వరూపమును కొంత విప్పవలెను. ప్రోగ్రాములో ఆబ్జెక్టు లుండును, డేటాబేసులో పట్టిక లుండును. ఒకరి భాష యొకరికి రాదు. నడుమ ఓఆర్ఎం అను దుబాసీ కలడు. హైబర్నేటనియు, ఎంటిటీ ఫ్రేమ్‌వర్కనియు ఈ దుబాసీలకు పేరులు. చెన్నపట్టణపు దొరల కొలువులోని దుబాసీ వలె ఈతడును పేరులు, పైకములు పొల్లుపోకుండ చేరవేయును గాని, కాలము వద్దకు వచ్చుసరికి తనకు తోచినది చెప్పి చేతులు కడిగికొనును. ఆతని తప్పనుటకును వీలులేదు. ఒరాకిల్‌లో తేదీ లేని వేళకు ప్రత్యేకమైన రకమే లేదు. ఎస్‌క్యూలైట్‌లో తేదీకిని లేదు, వేళకును లేదు. అక్షరములుగానో అంకెలుగానో దాచుకొనవలసినదే. మైఎస్‌క్యూఎల్‌లోని టైము 838 గంటల 59 నిమిషముల 59 సెకన్ల దాక సాగును. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లోని టైము ఇరువదినాలుగు గంటలు నిండకముందే చాలించును. జావా పాత టైము కడుపులో 1970 జనవరి 1 అను తేదీ యెవరికిని చెప్పకుండ దాగి యుండును. వీరికందరికి సంధి కుదుర్చుటయే కాలజ్ఞుని బ్రతుకుతెరువు.

ఇట్టి పనిలో కొన్ని యేండ్లు మునిగినవాడు మనుష్యులతో మాటాడు తీరు మారకుండునా? మేనమామ, పాపము, అల్లుని మేలుకోరి, "ఎనిమిదింటికి నెల్లూరు బస్సుందిరా అబ్బయ్యా" అనెను. "ఏ జోనులో మామా ఎనిమిది?" అని ఈతడు కన్ను తెరమీదినుండి త్రిప్పకయే యడిగెను. "జోనేందిరా? వరికుంటపాడు మండలంలోనే" అని మామ బస్సెక్కి పోయెను.

పినతండ్రికి పొగాకు బ్యారన్ కలదు. పచ్చియాకు కఱ్ఱలకు గట్టి లోన వ్రేలాడదీసి, క్రింద పొయ్యి రగిల్చి, మొదట పసుపు తిరుగువఱకు సన్నని వేడి, పిదప ఆకు ఎండుటకు నడిమి వేడి, తుదకు ఈనె యెండుటకు తీవ్రమైన వేడి నిచ్చుచు, ఆరేడు దినములు కన్నుమూయక కాచుకొన్నగాని ఆ యాకు కలిగిరి వేలము చేరదు. కట్టెల ఖర్చు లెక్క తేల్చుటకై కాలజ్ఞుడు పినతండ్రికి చిన్న ప్రోగ్రా మొకటి వ్రాసి యిచ్చెను. అందు బ్యారన్ మండిన కాలము 144 గంటలు. ఆ 144 గంటలను ఈతడు నిద్రమబ్బులో జావా పాత టైములో పోసెను. దానికి వ్యవధి యనగా నేమో తెలియదు, గడియారమే తెలియును. కనుక 1970 జనవరి 1 గ్రీనిచ్చి అర్ధరాత్రి మొదలు ఆరు దినములు నడచి, జనవరి 7వ తేదీ చేరి, అచ్చట మన దేశపు గడియారము చూచి, 5:30:00 అని పట్టికలో వ్రాసికొనెను. ఆరు దినముల అగ్ని యంతయు బూడిదయై, మనకును గ్రీనిచ్చికిని గల యంతరము మాత్రము మిగిలినది!

"ఐదున్నర గంటల్లో ఆకు కాలేటట్టయితే ఆరు రాత్రుళ్ళు నేనెందుకురా మేలుకునింది?" అని పినతండ్రి యడిగెను.

"టైము వేరు, వ్యవధి వేరు చిన్నాయనా. ఇప్పుడు సెకన్ల కింద పెడుతుండా. 5,18,400."

"ఆరు రోజులని రాసుకోరాదా?"

"రోజంటే ఎప్పుడూ ఇరవైనాలుగు గంటలుండవు. అమెరికాలో ఏడాదికొక రోజు ఇరవైమూడే, ఇంకో రోజు ఇరవైఐదు."

"ఆ రోజు కూలోళ్ళకు ఏ లెక్కన ఇస్తారో పాపం" అని ఆయన చింతాక్రాంతుడై లేచిపోయెను. వేయిమంది సాఫ్ట్‌వేర్ పండితులు అడుగవలసిన ప్రశ్న యది యని నా యభిప్రాయము.

ఈతని కంటిలో చరిత్రయు మఱొక రీతిగా నుండును. తాతగారి జన్మదినము, బడిపంతులు వేసినది, 1943 జూలై 1. ఆ యుద్ధకాలమున సర్కారు దేశపు గడియారములను గంట ముందునకు జరిపి గ్రీనిచ్చితోడి యంతరమును ఆఱున్నర చేసిన సంగతి తాతగారు ఎన్నడో మఱచిరి గాని కంప్యూటరు మఱవలేదు. తేదీని తేదీగా నుంచక క్షణముగా మార్చి భద్రపఱచి, తిరిగి యిచ్చునపుడు ఐదున్నరతో లెక్కించుటచే, తాతగారు జూన్ 30 రాత్రి పదకొండు గంటలకు పుట్టినట్లు తేలెను. ఇంకొకమాఱు పైథాన్‌లోని పాత జోనుల పొత్తమును త్రొక్కరాని త్రోవలో త్రొక్కగా, కలకత్తా పురాతన స్థానికకాలము, ఐదు గంటల యేబదిమూడు నిమిషములు, పైకి వచ్చి, లెక్కలన్నియు ఇరువదిమూడు నిమిషములు జాఱెను. కాలజ్ఞుడు మూడు రాత్రులు వెదకి పట్టిన యీ దోషమును విని పురోహితుడు, "ఘడియకు ఒక నిమిషం తక్కువ, అంతేగదా" అని తేల్చివేసెను.

ఈ పురోహితునితోనే యసలు యుద్ధము. చెల్లెలి పెండ్లికి శుభలేఖ వ్రాయించిరి: గురువారం రాత్రి గం. 2-14 ని.లకు, తెల్లవారితే శుక్రవారం. తెలుగువా డెవ్వడును ఇందులో సందేహపడడు. పంచాంగమున దినము సూర్యోదయముతో మొదలగును, అర్ధరాత్రి దాటినను గురువారము గురువారమే. కాలజ్ఞుడు దానిని డాలస్‌లోని బంధువులకు క్యాలెండరు పిలుపుగా పంపబూని మ్రాన్పడిపోయెను. గురువారమని పెట్టినచో పెండ్లి ఒకనాడు ముందే జరిగిపోవును. శుక్రవారమని పెట్టినచో ఊరివారు శుక్రవారము రాత్రి వత్తురు. ఇంతలో ఇంకొక చిక్కు: ఆ వేసవినాడు మన 2-14 డాలస్‌వారికి గురువారము మధ్యాహ్నము 3-44. అనగా అర్ధరాత్రినుండి దినము లెక్కించు ఆ దేశముననే శుభలేఖలోని వారము అక్షరాల నిజమగుచున్నది! ఈ సంగతి కనుగొన్న యానందములో ఈతడు భోజనము మఱచెను.

"స్వామీ, మీ గురువారం నా పెట్టెలో శుక్రవారం అవుతుండాది. శుభలేఖ మారుస్తారా?"

"నీ పెట్టెలో ఏ వారమైతే నాకేంది నాయనా? భజంత్రీలను గురువారానికి మాట్లాడినాం, వాళ్ళు గురువారమే వస్తారు."

"వాళ్ళకు గంటల లెక్కా?"

"పూట లెక్క."

కాలజ్ఞుడు ల్యాప్‌టాప్ మూత తెఱచి, క్రొత్త గడి యొకటి చేర్చి, వ్రేళ్ళు సిద్ధముగా నుంచుకొని, వినయముగా నడిగెను:

"పూటంటే ఎన్ని సెకన్లు స్వామీ?"